జానెడు తెరుచుకునే తలుపు

పదేళ్ల కిందట ఒక ఎండాకాలం, మార్కాపురం వీధుల్లో ఒక ఆటో వెనకాల ఒక ఖాళీ అంబాసిడర్ కారు తిరుగుతూ ఉండేది. ఆటోలో ఒక పెద్దామె కూర్చుని ఉండేది. వెనక కారు నడుపుతున్నది ఆమె భర్త. ఆటో గుడి ముందు ఆగితే కారూ ఆగేది. ఆటో ఆసుపత్రి వైపు తిరిగితే కారూ తిరిగేది. ఆటో సందులో దూరిపోతే, కారు పట్టక, సందు మొదట్లో నిలబడి ఒకసారి హారన్ కొట్టేది. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఇట్లా మూడు నెలలు నడిచింది. ఊరు నవ్వుకుంది. నేనూ నవ్వుకున్నాను, కొంచెం ఎక్కువగానే.

ఇప్పుడు షెడ్లలో పని చేస్తున్న మీ కోసం ఇది రాస్తున్నాను. నేను ముప్పై ఐదేళ్లు టింకరింగ్ పని చేశాను. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు అతకడం, తలుపులు కుదర్చడం, అంతే. ఇంజను జోలికి ఎప్పుడూ పోలేదు. మీకిప్పుడు తలుపు పాడైతే తలుపుకు తలుపే అట్టపెట్టెలో వస్తుంది. పాతది తీసి పక్కన పెట్టి కొత్తది బిగిస్తారు. మా రోజుల్లో తలుపు పాడైతే ఆ తలుపుతోనే బతకాలి, దాన్నే బాగు చేయాలి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అట్టపెట్టెలో వచ్చి ఉంటే నేనూ అదే బిగించేవాణ్ణి.

ఆ కారు పెద్దాయన ఒకప్పుడు పలకల వ్యాపారం చేశారు. ఊరి బయట గనులు, ఊళ్లో పలకలు కోసి చట్రాలు బిగించే ఫ్యాక్టరీ ఉండేవి. పిల్లలు పలకల మీద రాయడం మానేశాక ఫ్యాక్టరీ మూతపడింది. మిగిలింది ఇల్లు, ఈ కారు, కారును తానే నడపాలన్న పట్టుదల. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు. డ్రైవరు మానేసి చాలా కాలమైంది.

ఇబ్బంది కారు కుడివైపు ముందు తలుపుతో. అంటే స్టీరింగు వైపు తలుపుతో. దాని మడతబందులు బిగుసుకుపోయి, తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయేది. ఆ సందులోంచి టీ గ్లాసు అందుకోవచ్చు, టోల్ గేటు దగ్గర చీటీ తీసుకోవచ్చు, మనిషి మాత్రం పట్టడు. ఆ పాత కారులో ముందు సీటు రెండు ముక్కలు కాదు, బల్లలా ఒకటే. గేరు రాడ్డు కూడా స్టీరింగు కిందే ఉండేది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. కాబట్టి పెద్దాయన ఎడమ తలుపులోంచి ఎక్కి, సీటు మీద జరుగుతూ జరుగుతూ స్టీరింగు దగ్గరికి చేరేవారు. ఆ తర్వాత ఆమె ఎక్కేది. దిగేటప్పుడు ముందు ఆమె దిగాలి, తలుపు పట్టుకుని నిలబడాలి, ఆయన జరుగుతూ జరుగుతూ బయటికి రావాలి. ఏడేళ్లు అలాగే గడిపారు.

వెనక సీట్లో కూర్చోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను.

"కూర్చుంటానన్నా నాయనా," అని చెప్పింది ఆమె తర్వాత ఎప్పుడో. "నేను వెనక కూర్చుంటే ఆయన నా డ్రైవరు మాదిరి కనపడతాడంట. మర్యాద తక్కువంట. ఆయన మర్యాద కోసం నేను ఏడేండ్లు రోడ్డు మీద నిలబడ్నా."

అదీ సంగతి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి గిద్దలూరులో ఏదో పెళ్లికి వెళ్లి వస్తుంటే దారంతా అకాల వాన. పెద్దాయన నాలుగు చోట్ల దిగారు. ఒకసారి టీకి, ఒకసారి టైరులో గాలి తగ్గిందేమోనన్న అనుమానంతో, మిగతా రెండుసార్లు డెబ్బై ఆరేళ్ల మనిషి ఎందుకు దిగుతాడో అందుకు. నాలుగుసార్లూ ఆమె ముందు దిగి వానలో నిలబడింది. ఇంటికి వచ్చాక చీర పిండుకుంటూ ఒకే ఒక్క మాట చెప్పిందట: "ఆ తలుపు తెరుచుకునేదాకా నేను నీ కారు ఎక్కను, నీతో మాట్లాడను." మరునాటి నుంచి ఆటో.

మూడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున కారు నా షెడ్డు ముందు ఆగింది. కంభం రోడ్డులో రేకుల కింద నాది చిన్న షెడ్డు. పెద్దాయన ఎడమ తలుపులోంచి జరుగుతూ బయటికి వచ్చారు.

"ఏంది పెదనాయనా, ఏం చేయాల?" అన్నాను.

"ఆ తలుపు తెరవాల."

నేను ఆ తలుపును జానెడు తెరిచాను. ఇంకొంచెం లాగాను. అది రాలేదు. సందులో తల పెట్టి చూశాను. "అరగంట పని," అన్నాను.

మీలో ఎవరైనా ఎప్పుడైనా బిగుసుకుపోయిన మడతబందును చూసి అరగంట అని చెప్పి ఉంటే, ఇక్కడ నవ్వే హక్కు మీకు లేదు.

"అరగంటలో అయితే మంచిదే," అన్నారు పెద్దాయన. "మా ఆమె నాతో మాట్లాడి తొంభై రోజులాయె. ఇంగొక అరగంట ఓర్చుకుంటా." అని స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆ తలుపుకు రెండు మడతబందులు, పైన ఒకటి, కింద ఒకటి. వాటి రేకులు ఒకవైపు తలుపుకు, ఇంకోవైపు తలుపు పక్కన నిలువుగా ఉండే కారు పిల్లర్‌కు స్క్రూలతో బిగించి ఉంటాయి. రెండు రేకుల మధ్య ఇనప పిన్ను. ఆ పిన్ను మీదే తలుపు తిరగాలి. ఈ కారు ఏళ్ల తరబడి పలకల ఫ్యాక్టరీ ఆవరణలో నిలబడింది. పలక దుమ్ము సన్నగా, నల్లగా, గ్రీజులో కలిసి, ఎండకు ఎండి పిన్ను చుట్టూ రాయిలా గట్టిపడింది. కాబట్టి ముందు స్క్రూలు తీసి, తలుపును మడతబందులతో సహా ఊడదీసి, తర్వాత పిన్ను సంగతి చూడాలి. అదే నేను అరగంట అన్నది.

మొదటి రోజు జానెడు సందులో సుత్తి ఆడలేదు. మామూలు స్క్రూడ్రైవరు నిలువుగా పట్టలేదు. ఒక పాత కడ్డీని ఎర్రగా కాల్చి వంచి, వంకర స్క్రూడ్రైవరు తయారు చేసుకునేసరికి మధ్యాహ్నమైంది. డీజిలూ బ్రేకు ఆయిలూ కలిపి స్క్రూల మీద చుక్కలు చుక్కలుగా వేసి, నాననీ అని వదిలేశాను. రెండో రోజు ఒక్క స్క్రూ కదిలింది. మిగతా వాటికి తల మీది గాట్లు అరిగిపోయాయి.

మూడో రోజు పక్క షెడ్డు మామను పిలిచాను. ఆయన గ్యాస్ వెల్డింగ్ చేసేవాడు. చుట్టరికం ఏమీ లేదు, నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి మామ. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆయన మంట సన్నగా పెట్టి స్క్రూల మీద ఆడించాడు. వేడికి ఇనుము సాగి పట్టు వదులుతుంది, పద్ధతి సరైనదే. కానీ మడతబందుల వెనకాల, తలుపు చుట్టూ ఉన్న పాత రబ్బరును నేను తీయలేదు. అది అంటుకుంది. నల్లటి పొగ. నేను బకెట్టు నీళ్లు కొట్టాను. నీళ్లు సీటు మీదా, సీటు మీద పెట్టుకున్న పెద్దాయన కండువా మీదా పడ్డాయి.

మామ మంట ఆర్పి, "రబ్బరు తీసినానన్నావే," అన్నాడు.

"తీద్దామనుకున్నా."

పెద్దాయన కండువా పిండి కారు అద్దం మీద ఆరేసుకున్నారు. ఆయన ఆ తొమ్మిది రోజుల్లో నన్ను ఒక్కసారి కూడా కోప్పడలేదు. నాకప్పుడు అది మంచితనం అనిపించింది.

ఐదో రోజుకు పై మడతబందు ఊడింది. స్క్రూల తలలు డ్రిల్లుతో కొట్టేసి, మిగిలిన ముక్కలు ఒక్కొక్కటీ తీశాను. కిందిదానికీ అలాగే స్క్రూలన్నీ తీశాను. అన్నీ బయటికి వచ్చాయి. మడతబందు మాత్రం రాలేదు. సుత్తితో కొట్టాను, కదల్లేదు. గడ్డపారతో మీటాను, కారే ఊగింది. ఒక్క స్క్రూ కూడా లేని రేకు పిల్లర్‌ను వదలకపోవడం నేను ఎక్కడా చూడలేదు. ఒకటిన్నర రోజు దానితోనే కుస్తీ పట్టాను.

ఏడో రోజు పొద్దున అనుమానం వచ్చి, పిల్లర్ మీది రంగు గీకాను. రంగు కింద పుట్టీ. పుట్టీ కూడా కొంచెం కాదు, అరంగుళం మందాన. అది గీకితే కింద వెల్డింగ్ కనపడింది. మూడు చోట్ల, బొద్దింకలంత లావున. ఎవడో మహానుభావుడు మడతబందును పిల్లర్‌కు వెల్డింగ్ చేసి, పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టి చేతులు దులుపుకున్నాడు. పైగా పిన్నుకు నూనె పోసే చిన్న రంధ్రం కూడా ఆ పుట్టీ కిందే పూడిపోయి ఉంది. అంటే ఇన్నేళ్లూ కింది పిన్నుకు ఒక్క చుక్క నూనె అందలేదు. బిగుసుకోక ఏం చేస్తుంది.

అప్పుడు మొదలుపెట్టాను తిట్లు.

"ఏ కండ్లు లేనోడు చేసినాడో పెదనాయనా ఈ పని. మడతబందుకు వెల్డింగ్ పెడతారా ఎవరన్నా? రేపు ఇంకొకడు ఇప్పాల్సి వస్తుందని బుద్ధి ఉండొద్దా?"

పెద్దాయన టీ తాగుతూ తల ఊపారు.

"వెల్డింగ్ అయినా చక్కగా పెట్టినాడా? కుట్లు చూడు మామా, కోడి కెలికినట్టు ఉన్నాయి. ఇట్లాంటోళ్ల చేతికి గ్యాస్ గొట్టం ఎట్ల ఇస్తారో."

మామ వంగి చూసి, "బాగలేదు," అన్నాడు.

ఆ రోజంతా తిడుతూనే పని చేశాను. మరునాడు వచ్చి మళ్లీ అందుకున్నాను. వాడి చేతిని, వాడికి పని నేర్పినవాణ్ణి, వాడికి టింకర్ అని పేరు పెట్టినవాళ్లను, ఎవరినీ వదల్లేదు. ఉలితో ఆ వెల్డింగును కొంచెం కొంచెంగా కొడుతూ, ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు. పెద్దాయన స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నారు. రేడియోలో ఇష్టమైన కార్యక్రమం వస్తున్నట్టు వింటూ కూర్చున్నారు.

ఎనిమిదో రోజు సాయంత్రం చెమట తుడుచుకుంటూ అన్నాను: "ఈ పని చేసినోడు ఈ జన్మలో నాకు కనపడితే, వాని చెయ్యి ఇరగ్గొడతా పెదనాయనా."

"వద్దులే అబ్బాయ్," అన్నారు ఆయన. "పెండ్లాం బిడ్డలున్నోడు."

"వాడు మీకు తెలుసా?"

"తెలుసు. మంచోడే. కంభం రోడ్లోనే సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పనిమంతుడే, నోరే కొంచెం ఎక్కువ."

కంభం రోడ్డులో అప్పటికి టింకరింగ్ షెడ్లు మూడున్నాయి. మిగతా ఇద్దరిలో ఎవడా అని నేను నిజంగానే ఆలోచించాను. ముందుగా నవ్వింది మామ. పదిహేనేళ్లలో ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. గ్యాస్ సిలిండరు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

"నేనా?"

"నువ్వే. అప్పుడు మీ గురువు దగ్గర పని చేస్తాంటివి. కారు తెల్లగా ఉండె. మా డ్రైవరు పొద్దున కారు ఇడిసిపెట్టి పోయె. సాయంత్రం తీసుకపోదామని నేనే వచ్చినా. మీ గురువు ఊళ్లో లేడు. 'ఎన్నాళ్లు ఆగుతాది అబ్బాయ్' అని అడిగినా. నువ్వు రంగు బ్రష్షు కడుక్కుంటా ఏమన్నావో గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. ఆయన చెప్పగానే గుర్తుకొచ్చింది. 'మీరు ఉన్నన్నాళ్లూ ఊడదు పెదనాయనా.' అదీ నేనన్నది.

"మాట నిలబెట్టుకున్నావు," అన్నారు పెద్దాయన. "నేనున్నా, అదీ ఉంది."

పని నేర్చుకున్న కొత్తలో జరిగిన సంగతి అది. పిల్లర్ లోపల స్క్రూల మరలు అరిగిపోయి తలుపు కిందికి జారుతోంది. పిల్లర్ తెరిచి లోపల కొత్త ప్లేటు వేయమని గురువు చెప్పి, ఒంగోలు వెళ్లారు. అది రెండు రోజుల పని. నేను గంటలో వెల్డింగ్ చేసేసి, కనపడకుండా పుట్టీ మెత్తి, గురువు వచ్చేసరికి కారు పంపించేశాను. ఆయన మెచ్చుకున్నారు కూడా. నేను దాచిపెట్టింది ఆయన నుంచే అని ఆయనకు ఎప్పటికీ తెలియదు.

నేను ఉలి కింద పెట్టాను. కోపం రావాల్సింది నాకు కాదు. ఏడేళ్లు రోడ్డు మీద నిలబడిన ఆమెకు, ఆమె మాట్లాడని ఈయనకు. ఊరితో పాటు నేనూ ఆ ఆటోను చూసి నవ్వాను.

"మొదటి రోజే చెప్పకపోతిరా?" అన్నాను.

"చెప్తే నువ్వు సిగ్గుతో మెల్లగా చేస్తావు. కోపంగా ఉంటే పని బిరబిరా చేస్తావని తెలుసు," అన్నారు. స్టూలు మీద సర్దుకుని కూర్చుని, "అదీ కాక, బాగా తిడతాండావు. ఇంట్లో మాట వినబడక మూడు నెలలాయె. ఎవరో ఒకరు మాట్లాడతాంటే బాగుండె," అన్నారు.

ఆ మాటకు మామ కూడా నవ్వలేదు.

తొమ్మిదో రోజు నేను తిట్లు లేకుండా పని చేశాను. నిజంగానే మెల్లగా సాగింది. పొద్దున పదకొండు గంటలకు ఆఖరి కుట్టు తెగింది, పిల్లర్ రేకు అరచేతంత ముక్కను కూడా తీసుకుని తలుపు ఊడి వచ్చింది. మామా నేనూ దాన్ని మోసుకెళ్లి గోడకు ఆనించాం. కింది పిన్ను లోపలే విరిగి ఉంది. పిల్లర్ తెరిచి ప్లేటు వేయాలి, లేతు మిషను దగ్గర కొత్త పిన్ను తీయించాలి. ఎంత లేదన్నా నాలుగు రోజులు. ఈసారి నేను లెక్క ఎక్కువే చెప్పాను.

ఆ మాట చెబుతుండగానే పెద్దాయన ఫోను మోగింది. పామూరు నుంచి. పెద్దాయన భార్యకు ఒక అక్క, అక్కడ కొడుకు దగ్గర ఉంటుంది. మూడు రోజులుగా అన్నం తినడం లేదట, చెల్లెలు కావాలని అడుగుతోందట. పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని గోడకు ఆనించిన తలుపు వైపు చూశారు. మామ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

పావుగంటలో షెడ్డు ముందు ఆటో ఆగింది. ఆ కబురు ఆమెకూ వెళ్లింది. చేతిలో సంచీతో దిగింది. మొగుడితో మాట్లాడలేదు, నాతో మాట్లాడింది.

"తలుపు తెరుచుకునిందా నాయనా?"

"తెరుచుకునింది పెద్దమ్మా," అన్నాను. అబద్ధం ఏమీ లేదు.

ఆమె కారు చుట్టూ తిరిగి వచ్చి, తలుపు ఉండాల్సిన చోట నిలబడి చూసింది. లోపలికి తొంగి చూసింది. తర్వాత గోడకు ఆనించిన తలుపును చూసింది.

"ఇది తెరుచుకునేది కాదు, పోయేది," అంది.

"నాలుగు రోజుల్లో బిగిస్తా పెద్దమ్మా. ఇప్పుడు కారు మాట్లాడి పంపిస్తా, అందులో పోండి. తప్పు నాది." ముప్పై ఏళ్ల కిందటి సంగతంతా అక్కడే నిలబడి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆమె మొత్తం విని, మొగుడి వైపు తిరిగింది. తొంభై తొమ్మిది రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట ఇది: "నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"అయినా మళ్లా ఈయన దగ్గరికే తెచ్చినావు."

"కట్టినోనికే తెలుస్తాది కదా యాడ ఇప్పాల్నో."

"తెలిసిందే బాగా," అంది ఆమె. సంచీ ముందు సీట్లో పెట్టింది. "పోదాం పా. వేరే కారు వద్దు, ఏం వద్దు. ఈ పక్క తలుపు లేదు, నువ్వు ఈ పక్కనే దిగుతావు. నాకు అంతే కావాల." తర్వాత నా వైపు చూసి, "నువ్వు వెనక కూర్చో. ఏమన్నా ఊడితే కట్టేదానికి," అంది.

తలుపు లేని వైపు మూడు వరసలు తాడు కట్టాను. మామ వచ్చి ముడులు లాగి చూసి, నా ముడులు విప్పి మళ్లీ కట్టాడు. పెద్దాయన స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆమె పక్కన కూర్చుని, ఆయన కండువా కొస తన చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. పామూరు చేరేదాకా ఆ కొస వదల్లేదు.

కొనకనమిట్ల దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. కారు ఆపాల్సి వచ్చింది. ఒక పొట్టేలు తాళ్ల మధ్య తల దూర్చి పెద్దాయన మోకాలు వాసన చూసింది. గొర్రెలు కాసే ఆయన దాన్ని వెనక్కి లాగుతూ, కారును కిందికీ మీదికీ చూశాడు.

"తలుపు యాడ పడిపోయింది తాతా? వెనక వచ్చేటోళ్లకు చెప్తా."

"పడిపోలేదు నాయనా. దిగేటప్పుడు ఇబ్బందిగా ఉందని ఇంట్లో పెట్టి వచ్చినాం," అంది ఆమె. పెద్దాయన భుజాలు కదలడం వెనక నుంచి నాకు కనిపించింది. మంద పోయేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వే ధైర్యం లేక కిటికీలోంచి గొర్రెలను లెక్కపెట్టాను.

పొదిలి దగ్గర ఒక పోలీసాయన చెయ్యెత్తాడు. తాళ్లు చూశాడు, ఇద్దరి వయసు చూశాడు, ఆమె చేతికి చుట్టుకున్న కండువా చూశాడు. ఏం అడగాలో తోచక, "మెల్లగా పోండి," అన్నాడు. ఆ ప్రయాణంలో మేం ముప్పై దాటి పోయింది లేదు.

పామూరులో అక్కగారి ఇంటి ముందు కారు ఆగింది. నేను దిగి తాళ్లు విప్పాను. పెద్దాయన కుడివైపు కాలు కింద పెట్టి దిగారు. అదే సమయానికి ఎడమ వైపు ఆమె దిగింది. అక్కగారి మంచం వసారాలోనే వేసి ఉంది. మనిషి ఎముకల పోగులా ఉంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. తలుపు గొడవ ఆమెకూ తెలుసు కాబోలు, చెల్లెలు దగ్గరికి వెళ్లి కూర్చోగానే మొదట అడిగింది అదే.

"ఈరోజన్నా ఆయప్పను దిగనిచ్చినాక దిగినావా, మళ్లా నువ్వే ముందు దిగినావా?"

"ఇద్దరం ఒకసారే దిగినాంలే అక్కా," అంది చెల్లెలు.

అక్క నవ్వింది. తర్వాత ఆ చెల్లెలి చేతి ముద్ద నాలుగు మెతుకులు తినింది. నేను వసారా మెట్ల మీద కూర్చుని తాడు చుట్ట చుడుతున్నాను. ఒకే ముక్కను చాలాసార్లు చుట్టాను.

ఆ అక్క ఇంకో ఎనిమిది రోజులు బతికింది. ఆ ఎనిమిది రోజులూ పెద్దమ్మ అక్కడే ఉంది. కర్మ అయ్యాక వెనక్కి వచ్చారు. కారు అక్కడే ఉండిపోవడంతో, నేను బస్సులో వచ్చేసి తలుపును ఇక్కడే సిద్ధం చేసి పెట్టాను: లేతు మీద కొత్త పిన్నులు, నూనె రంధ్రాలు శుభ్రం. కారు వచ్చాక పిల్లర్ తెరిచి, ముప్పై ఏళ్ల కిందట గురువు చెప్పిన ప్లేటు అప్పుడు వేశాను. స్క్రూలకు గ్రీజు రాసి బిగించాను. ఒక వేలితో తోస్తే తలుపు చివరిదాకా తెరుచుకుంది. పదిసార్లు తీసి, పదిసార్లు వేసి చూసుకున్నాను. మామ ఒకసారి తీసి, వేసి, "బాగుంది," అన్నాడు. ఆయన అంత పొడుగు మెచ్చుకోలు నాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇద్దరితో పాటు కారెక్కి వాళ్ల ఇంటిదాకా నేనూ వెళ్లాను, వెనక సీట్లో. తలుపు ఎట్లా తెరుచుకుంటుందో కళ్లారా చూడాలని. ఇంటి ముందు కారు ఆగింది. పెద్దమ్మ తన వైపు దిగి, తలుపు పట్టుకుని నిలబడింది. పెద్దాయన సీటు మీద జరుగుతూ జరుగుతూ ఎడమ తలుపులోంచి బయటికి వచ్చారు. ఇద్దరూ గేటు దాకా నడిచాక ఆమె ఆగింది.

"ఇటెందుకు దిగినావు?"

ఆయన వెనక్కి తిరిగి కారు వైపు చూశారు. "నువ్వెందుకు పట్టుకుని నిలబడ్నావు?"

తొమ్మిది రోజులూ, ఆ మీద నాలుగు రోజులూ పెట్టి బాగు చేసిన తలుపు, తెరిచినవాళ్లు లేక అలాగే మూసి ఉంది. నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. వాళ్లిద్దరికీ నేనున్న సంగతి గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

ఆ తర్వాత అలవాటు మారింది లెండి. పెద్దాయన పోయేదాకా ఆ తలుపులోంచే దిగారు. ఆయన పోయాక కారు ఎవరికి ఇచ్చారో నాకు తెలియదు.

మీకు ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ కారు తర్వాత నేను పని చేసిన ప్రతి బండిలో, కనపడని చోట ఏదైనా చేయాల్సి వస్తే, తలుపు లోపలి అట్ట ఊడదీసి, రేకు మీద మేకుతో నాలుగు మాటలు గీసి, నా ఫోను నంబరు కూడా రాసేవాణ్ణి. ఎక్కడ వెల్డింగ్ పెట్టానో, ఎందుకు పెట్టానో. తర్వాత విప్పేవాడికి ఉపయోగపడుతుందని. మామ అది చూసి, సంతకం చేయని పనే మంచి పని అనేవాడు. నేను పట్టించుకోలేదు.

పోయిన ఏడాది, నేను పని మానేసిన చాలా కాలానికి, ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. కొత్త గొంతు.

"మామా, గిద్దలూరు నుంచి మాట్లాడతాండా. నాది టింకరింగ్ షెడ్డు. ఒక జీపు తలుపు ఇప్పినా. లోపల నీ నంబరు రాసి ఉంది."

"ఏం రాసి ఉంది?" అన్నాను. ఏ జీపో గుర్తు లేదు.

అతను చదివాడు: "'కింది మడతబందుకు వెల్డింగ్ పెట్టినాను. ప్లేటు దొరకలేదు. ముందు ఎడమ కుట్టు కొయ్యి, తర్వాత కుడిది. తిట్టుకోవద్దు.'"

నా ఛాతీ కొంచెం పొంగిందని ఒప్పుకుంటాను. "పనికొచ్చిందా నాయనా?" అన్నాను.

"వచ్చింది మామా, బాగా పనికొచ్చింది." అవతల ఏదో ఇనప ముక్క కింద పెట్టిన చప్పుడైంది. "కాకపోతే అట్ట ఇప్పి ఇది చదివేసరికి ఆలస్యమైపోయింది. పొద్దుట్నించి తిడతానే ఉన్నా. అందుకే ఫోను చేసినా. ఏమనుకోవాకు."